మైనస్ గంటల నీళ్ళు

సీతయ్య క్యాంపు,
సిరుగుప్ప తాలూకా.
సెప్టెంబరు 2

ఒసేయ్ నేత్రా,

నిన్న ఫోనులో పావుగంట సేపు చెప్పాక, "నాకు ఒక్క ముక్క అర్థం కాలేదే, కాగితం మీద రాసి పంపు" అన్నావు. అందుకే ఈ ఉత్తరం. కాలేజీ వదిలాక నీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే, దస్తూరి చూసి వెక్కిరించకు.

విషయం ఏమిటంటే, నన్ను మా కాలువ నీటి సంఘానికి కార్యదర్శిని చేశారు. చేశారంటే ఎన్నుకున్నారని కాదు. మీటింగులో అధ్యక్షుడు ఉచ్చెంగెప్ప గారు "కంప్యూటరు ఎవురికొస్తాదప్పా ఈడ?" అని అడిగారు. మా మావయ్య గారు ఠక్కున లేచి "మా కోడలు బళ్ళారిలో చదివింది" అన్నారు. అంతే, అయిపోయింది. ఆ చదువు నీ రికార్డు చూసి రాసిన చదువని వాళ్ళకు తెలియదు, నువ్వూ చెప్పకు.

మా పిల్లకాలువకు ఏడు తూములు. మొదటి నాలుగూ ఎగువ వాళ్ళవి, అంటే ఉచ్చెంగెప్ప గారి ఊరి వాళ్ళవి. చివరి మూడూ మా క్యాంపువి. మా నాలుగెకరాలు ఏడో తూము కింద, అందరికంటే చివర. ఎగువ వాళ్ళేమో నీళ్ళన్నీ మీకే పోతున్నాయంటారు. మేమేమో మాకు చుక్క రావడం లేదంటాం. మా తాతలు కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కుని ఈ క్యాంపు కట్టుకున్నప్పటి నుంచీ ఇదే పాట. టీలు తాగడం, తిట్టుకోవడం, తువ్వాలు దులుపుకుని లేచిపోవడం.

ఈసారి నేను నోరు జారాను. "నీరుగంటి పుస్తకం ఉందిగా, లెక్క వేస్తే తేలిపోతుంది" అన్నాను. నీరుగంటి గాదిలింగప్ప అంటే తూములు తెరిచి మూసే మనిషి. ఏ రోజు ఏ తూముకు ఎన్నింటికి నీళ్ళు వదిలాడో, ఎన్నింటికి కట్టేశాడో అన్నీ రాసి పెడతాడు. ఆ పుస్తకం ఇప్పుడు మా ఇంట్లో పోపుల డబ్బా పక్కన ఉంది. వందల వరుసలు. చేత్తో కూడితే నా జుట్టు నెరుస్తుంది.

ఇది సరదా కాదు నేత్రా. నాట్లు అయిపోయాయి. అక్టోబరులో వరి పొట్టకు వస్తుంది. అప్పుడు నీళ్ళు అందకపోతే గింజ పట్టదు, మిగిలేది తాలే. పోయినేడు మా చివరి ఎకరం అలాగే పోయింది. లెక్క తేలితే ఈసారైనా మాకు రావలసిన నీళ్ళు అడగొచ్చు.

బ్రూస్‌పేటలో అంతమందికి కంప్యూటరు నేర్పుతున్నావు, నాకూ నేర్పు.

నీ బిందు


బ్రూస్‌పేట, బళ్ళారి.
సెప్టెంబరు 8

శ్రీమతి కార్యదర్శి గారి సముఖానికి,

మీ ఉత్తరం అందింది. దస్తూరి చూసి వెక్కిరించలేదు. మా అమ్మ మారెక్క చూసి "ఇది డాక్టరు చీటీనా?" అని అడిగింది, అంతే.

ఒక షరతు. నేను నేర్పేది ఫోనులో నేర్పను. ఫోనులో పంపితే నువ్వు కాపీ కొట్టి అతికిస్తావు. నీ చరిత్ర నాకు తెలుసు. నేను కాగితం మీద రాస్తాను, నువ్వు చూసి టైపు చేస్తావు, ఏం వచ్చిందో మళ్ళీ కాగితం మీద రాసి పోస్టులో వేస్తావు. మూడు రోజులు ఆలస్యమైతే ఏం కాదు, మీ కాలువకంటే మన పోస్టే నయం.

ఇక పాఠం. నీ పుస్తకంలో ఒక్కో వరుస ఒక వంతు. వంతులన్నీ కలిపి ఒక జాబితా. నీకు కావలసింది రెండే పనులు. మొదటిది జల్లెడ పట్టడం: దిగువ వాళ్ళ వంతులు మాత్రం ఉంచు, మిగతావి వదిలెయ్. రెండోది కూడడం: ఉంచిన వాటి గంటలు కలుపు. మొదటిదాని పేరు ఫిల్టర్, రెండోదాని పేరు సమ్.

జల్లెడకు ఏది ఉంచాలో ఏది వదలాలో ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఆ చెప్పేదే లామ్డా. పెళ్ళి పంక్తిలో "ఎవరండీ అక్కడ, సాంబారు ఇటు" అని కేకేస్తాం చూడు. వచ్చి వడ్డించిన ఆయన పేరేమిటో మనకు అక్కర్లేదు, వడ్డించి వెళ్ళిపోతాడు. లామ్డా కూడా అంతే. పేరు లేని చిన్న పని, ఒకే వాక్యం. ఒక్కో వంతూ దాని ముందుకు వస్తుంది, అది అవుననో కాదనో అంటుంది. అవునంటే లోపల, కాదంటే బయట.

తెరిచిన గంట, కట్టేసిన గంట రెండూ రైలు టైములో ఎక్కించు, ఉదయం సాయంత్రం గొడవ ఉండదు. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే ఎన్ని గంటలో వస్తుంది. వెనకాల చీటీలో ప్రోగ్రాం మొత్తం రాశాను. చుక్కలూ కామాలూ చూసి కొట్టు. పోపు గింజలు కావు, ఒకటి ఎక్కువైనా పనిచేయదు.

మీ ఆయన నాగార్జునను అడిగానని చెప్పు.

నేత్ర


సీతయ్య క్యాంపు.
సెప్టెంబరు 19

పంతులమ్మకు నమస్కారాలు,

నీ ప్రోగ్రాం అద్భుతం. ఆగస్టు ఒకటి నుంచి సెప్టెంబరు పదిహేను దాకా పుస్తకమంతా ఎక్కించాను. తొమ్మిది రోజులు పట్టింది. మా అత్తయ్య గారు అయితే నాకు ఏదో ప్రభుత్వ ఉద్యోగం వచ్చిందని పక్కింట్లో చెప్పేశారు. చెమటలు కారుతూ మీట నొక్కితే ఏం వచ్చిందో చెప్పనా?

ఎగువ వాళ్ళకు రెండు వందల పన్నెండు గంటలు. బాగుంది. మా దిగువ వాళ్ళకు మైనస్ రెండు వందల ఇరవై ఏడు గంటలు.

మైనస్సట! అంటే మా చేలల్లో నీళ్ళు మేమే చెంబులతో ముంచి కాలువలో పోశామనా దీని భావం? మావయ్య గారు నా వెనకాలే నిలబడి చూస్తున్నారు. "చూశావా అమ్మా, నేను చెబుతూనే ఉన్నాను, మనకి అన్యాయం జరుగుతోందని. కంప్యూటరు కూడా అదే అంటోంది" అన్నారు. మైనస్ అంటే ఏమిటో ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

వచ్చే నెల నాలుగున మీటింగు. నీ లామ్డా గారిని అడిగి వెంటనే జవాబు రాయి. పేరు లేని వాళ్ళను నమ్మితే ఇంతే.

బిందు


బ్రూస్‌పేట.
సెప్టెంబరు 24

బిందూ,

కడుపుబ్బ నవ్వుకున్నాను. క్లాసులో పిల్లలకు కూడా చదివి వినిపించాను. మీ క్యాంపు పేరు చెప్పలేదులే.

ఇందులో లామ్డా తప్పేం లేదు. మైనస్ గంటలనేవి లోకంలో ఉండవు. ఎక్కడో నువ్వు తెరిచిన గంట బదులు కట్టేసిన గంట, కట్టేసిన గంట బదులు తెరిచిన గంట కొట్టి ఉంటావు. కాలేజీలో కూడా నువ్వు డెబిట్టు క్రెడిట్టు తారుమారు చేసేదానివి, మర్చిపోలేదు. వందల వరుసల్లో వాటిని వెతుక్కుంటూ కూర్చోకు. ఇంకో జల్లెడ పెట్టెయ్. సున్నా కంటే ఎక్కువ గంటలున్న వంతులే ఉంచు, చెత్త అంతా దానంతటదే పోతుంది. ఇదిగో, ఆ ఒక్క వరుస:

sum(map(lambda v: v.gantalu, filter(lambda v: v.gantalu > 0, vantulu)))

మొదటి లామ్డా వంతులోంచి గంటలు తీసిస్తుంది. రెండోది సున్నాకు పైన ఉన్నవాటికే దారి ఇస్తుంది. ఎగువకు ఒకసారి, దిగువకు ఒకసారి నడిపించు. ఒక్క నిమిషం పని.

మీటింగులో గడగడలాడించు.

నేత్ర


సీతయ్య క్యాంపు.
అక్టోబరు 6

నా బంగారు పంతులమ్మా,

గడగడలాడించాను!

నీ కొత్త జల్లెడ పెట్టగానే దిగువ వాళ్ళకు అరవై ఒక్క గంటలని వచ్చింది. ఎగువకు అదే రెండు వందల పన్నెండు. మూడో వంతు కూడా లేదు చూడు. పెద్ద అంకెలతో ప్రింటు తీసి మీటింగులో గోడకు అంటించాను. మా వాళ్ళు ఈలలు వేశారు.

ఎగువ వాళ్ళలో హులిగేశ్ ఒక్కడే లేచాడు. రెండో తూము కింద రెండెకరాలున్న మనిషి. "మీకు గూడా నీళ్ళు పోతాండాయి గదమ్మా, కాలవ పారేది నేను కండ్లారా చూస్తాండా. కంప్యూటరుకేం తెలుసు?" అన్నాడు. నేను ఊరుకోలేదు. "కంప్యూటరుకు చుట్టాలు ఉండరు హులిగేశన్నా" అన్నాను. హాలంతా నవ్వింది. అతను కూర్చుండిపోయాడు.

ఉచ్చెంగెప్ప గారు న్యాయమైన మనిషి. ఆ కాగితం దగ్గరికి వెళ్ళి చూసి, "లెక్క లెక్కేనప్పా. పంట పొట్ట దాటేదాకా మా పగటి వంతులో వారానికి ఒక దినం దిగువకు ఇడుస్తాం" అన్నారు. రాసుకుని సంతకాలు కూడా చేశారు. మా క్యాంపు చరిత్రలో ఎగువ వాళ్ళు మాకు ఒక పూట నీళ్ళు వదిలింది లేదు నేత్రా.

సాయంత్రం నాకు శాలువా కప్పారు. ఆ ఎండలో, ఆ ఉక్కలో ఊలు శాలువా. మావయ్య గారు ఇన్నేళ్ళలో మొదటిసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని భోజనం చేశారు. "మా కార్యదర్శి" అని అందరికీ చూపిస్తున్నారు. నాగార్జున ఏమో "కార్యదర్శి గారూ, కొంచెం పెరుగు వెయ్యమని మనవి" అంటున్నాడు.

ఇదంతా నీ చలవే. మీ అమ్మకు ఈసారి కొత్త బియ్యం పంపిస్తాను.

నీ బిందు


బ్రూస్‌పేట.
అక్టోబరు 12

బిందూ,

శాలువా మడతపెట్టి దాచుకో, చలికాలం వస్తుంది.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. ఆమె పెళ్ళికి ముందు హగరి ఏటి దగ్గర పొలాల్లో కూలికి పోయిన మనిషి కదా, నీళ్ళ సంగతులంటే చెవులు రిక్కించి వింటుంది. నీ అరవై ఒకటి, రెండు వందల పన్నెండు క్లాసులో బోర్డు మీద కూడా రాశాను. ఫిల్టర్ వల్ల ఒక ఊరికి నీళ్ళు వచ్చిన ఉదాహరణ అని చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఇంకేం విశేషాలు? మీ ఆయన ఆరోగ్యం బాగుందా? రాత్రులు సరిగ్గా నిద్ర పోతున్నాడా? కాలువ గట్టు మీదికి ఎన్నింటికి వెళ్తాడు, ఎన్నింటికి వస్తాడు? ఊరికే అడుగుతున్నాను. వీలైతే నీరుగంటి పుస్తకంలో ఒకటి రెండు పేజీలు ఉన్నవి ఉన్నట్టు రాసి పంపు, పిల్లలకు అభ్యాసానికి పనికొస్తాయి.

నేత్ర


సీతయ్య క్యాంపు.
అక్టోబరు 18

నేత్రా,

అందరం క్షేమం. వానలు లేవు. ఉసిరికాయలు వచ్చాయి, పచ్చడి పెట్టాను. మా అత్తయ్య గారు ఉప్పు ఎక్కువైందన్నారు.

పుస్తకం గాదిలింగప్ప పట్టుకుపోయాడు, మళ్ళీ ఇచ్చాక చూస్తాను. మా ఆయన నిద్ర గురించి నీకెందుకే? పెళ్ళి చేసుకోవే అంటే వినవు, పక్కింటి మొగుళ్ళ నిద్ర లెక్కలు అడుగుతావు.

పనుంది, ఉంటాను.

బిందు


బ్రూస్‌పేట.
అక్టోబరు 22

బిందూ,

పావు పేజీ ఉత్తరం నువ్వు రాయడం నేను ఎన్నడూ చూడలేదు. పరీక్షలో కూడా అడిషనల్ షీట్లు అడిగేదానివి. కాబట్టి ఇక నేను డొంకతిరుగుడు మానేసి చెప్పేస్తాను.

నీ విజయం ఉత్తరం చదువుతుంటే అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ వింటోంది. మొత్తం విని, "సరేనే, పగలు నీళ్ళు కట్టేటోళ్ళ లెక్క చెప్పినావు. రాత్రి తొమ్మిదికి పోయి తెల్లారి ఐదుకు ఇంటికొచ్చేటోళ్ళ లెక్క యాడుండాది?" అంది.

నీ ఉత్తరం వెనకే లెక్క వేశాను. రాత్రి తొమ్మిది అంటే రైలు టైములో ఇరవై ఒకటి. తెల్లవారి ఐదు అంటే ఐదు. ఐదులోంచి ఇరవై ఒకటి తీసేస్తే మైనస్ పదహారు. అవి నీ టైపింగు తప్పులు కావే. నువ్వు ఒక్క అంకె కూడా తప్పు కొట్టలేదు. నేనే, అవేమిటని ఒక్క మాట అడగకుండా, చెత్త అని జల్లెడ పట్టించి పారేయించాను. నీళ్ళు రాత్రి పూట కూడా పారతాయని బ్రూస్‌పేటలో కొళాయి తిప్పుకుని బతికే దానికి తట్టలేదు. పైగా నిన్ను డెబిట్టు క్రెడిట్టు అని దెప్పాను.

మొన్న ఉత్తరంలోనే చెప్పాల్సింది. నీ శాలువా, మీ మావయ్య పక్కన భోజనం, ఇవన్నీ చదివి నాకు చెయ్యి ఆడలేదు. పిరికిదాన్ని. క్షమించు. తప్పు నాది. సంఘంలో అలాగే చెప్పు, బళ్ళారి పంతులమ్మ తప్పు నేర్పిందని చెప్పు. కావాలంటే వచ్చి నేనే చెబుతాను.

నేత్ర


సీతయ్య క్యాంపు.
అక్టోబరు 27

నేత్రా,

నాకు తెలుసు.

నువ్వు చెప్పక ముందే తెలుసు. మీటింగు అయిన ఆరో రోజున. అక్టోబరు పేజీలు ఎక్కిస్తున్నాను. పొద్దున్నే ఐదున్నరకు నాగార్జున మోకాళ్ళ దాకా బురదతో వచ్చి గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూ కాఫీ అడిగాడు. నేను కొడుతున్న వరుసే అది: ఏడో తూము, ఇరవై ఒకటి, ఐదు. మీట నొక్కితే ఆ వరుస మాయం. మనిషి గుమ్మంలో ఉన్నాడు, లెక్కలో లేడు.

మీటింగులో చూపిన లెక్కలో జల్లెడలోంచి బయటికి పోయినవన్నీ ప్రింటు తీశాను. పద్దెనిమిది రాత్రులు. ఒక్కోటి ఎనిమిది గంటలు. మొత్తం నూట నలభై నాలుగు. అరవై ఒకటికి కలిపితే రెండు వందల ఐదు. ఎగువ వాళ్ళకు రెండు వందల పన్నెండు. అంటే ఇంచుమించు సమానమే. తాతల కాలం నుంచి మేము పాడుతున్న పాట ఏడు గంటల తేడా కోసం.

ఈ కాలువల పక్కనే పుట్టి పెరిగి నాకెందుకు తట్టలేదంటావా? మా ఇళ్ళల్లో రాత్రి నీళ్ళను వంతు అనరు నేత్రా. "కాపలాకి వెళ్ళొస్తా" అంటారు. అది ఆయన ఉద్యోగం లాగా అలవాటైపోయింది. ఎగువ వాళ్ళకు కూడా తట్టలేదు, వాళ్ళు ఆ వేళకు నిద్రలో ఉంటారు.

ప్రింటు బియ్యం డబ్బాలో దాచాను. నిన్ను కాపాడడానికి దాచానని మొదట నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. వరి పొట్టకు వచ్చింది. ఈ మూడు వారాల నుంచి మా చివరి ఎకరంలో పగటి పూట నీళ్ళు నిలబడుతున్నాయి. మావయ్య గారు రోజూ పొద్దున గట్టు మీద నిలబడి చూసి వచ్చి ఆనందంగా రెండో కాఫీ అడుగుతున్నారు. ఆ ఎకరం ఈసారి నిండుగా వచ్చేట్టుంది. ఎలా చెప్పను? దాచేశాను.

మొన్న సిరుగుప్ప సంతకు వెళ్తూ రెండో తూము దగ్గర ఆటో దిగాను. హులిగేశ్ చేను నెర్రెలు విచ్చింది. అతనిది మెరక పొలం, వారానికి ఒక రోజు తగ్గినా తట్టుకోలేదు. వాళ్ళావిడ ఉచ్చంగెమ్మ బిందెతో నీళ్ళు తెచ్చి గట్టు వారన పోస్తోంది. బిందెతో వరికి నీళ్ళు! నన్ను చూసి "ఏమ్మా సెక్రెటరీ, బాగుండావా? టీ తాగి పో" అంది. కోపంగా అన్నా బాగుండేది. టీ తాగి వచ్చాను.

వాళ్ళ నీళ్ళు నా కాగితం మీద దొంగిలించాను. తెలియక చేసినన్నాళ్ళూ పొరపాటు. తెలిశాక కూడా ఊరుకున్న ప్రతి రోజూ దొంగతనమే.

నువ్వు వచ్చి నీ మీద వేసుకోవడం లాంటి వేషాలు వద్దు. కార్యదర్శిని నేను. సరైన వరుస రాసి పంపు. అత్యవసర మీటింగు నవంబరు ఐదున పెట్టించాను, ఎందుకో ఇంకా ఎవరికీ చెప్పలేదు. మావయ్య గారు ఇంకో శాలువా కోసమని అనుకుంటున్నారు.

బిందు


బ్రూస్‌పేట.
అక్టోబరు 31

బిందూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి అమ్మ అడిగి చదివించుకుంది. "మంచి పిల్లనే అది, ఎందుకట్ల భయపడతాది" అంది. నేనూ అదే అంటాను. నువ్వు భయపడుతూనే చేస్తావు, కాలేజీలో బావిలోకి దూకినట్టు. తర్వాత వారం జ్వరం వచ్చిందనుకో.

సరైన పని ఇది. గంటలు లెక్క వేసినప్పుడు మైనస్ వస్తే పారేయకు, ఇరవై నాలుగు కలుపు. మైనస్ పదహారుకు ఇరవై నాలుగు కలిపితే ఎనిమిది. మీ ఆయన కాళ్ళ బురదకు సరిపోయే లెక్క అదే. సున్నా జల్లెడ పూర్తిగా తీసెయ్. వివరంగా వెనకాల రాశాను.

ఇంకో చిన్న ముక్క కూడా రాశాను. ఎగువ దిగువ అని జల్లెడ పట్టినట్టే, పగలు రాత్రి అని కూడా పట్టొచ్చు. కట్టేసిన గంట తెరిచిన గంట కంటే తక్కువ ఉన్న వంతులే ఉంచు అని చెప్పు, రాత్రివి మాత్రం మిగులుతాయి. మొత్తం ఒకటే ఉండొచ్చు, కానీ ఆ నీళ్ళు ఎవరు ఏ వేళలో కట్టుకున్నారో కూడా వాళ్ళు చూడాలి కదా.

ఈ రోజు క్లాసులో బోర్డు మీద నా తప్పు నేనే రాశాను. చప్పట్లు కొట్టిన పిల్లలే "మేడం, మీరు చెత్త అన్నది మనుషుల్నా?" అని అడిగారు. అవునన్నాను. జల్లెడ పట్టే ముందు బయటికి పోయేదేమిటో చూడమని చెప్పాను, కొంచెం ఆలస్యంగా నేర్చుకున్నానని కూడా చెప్పాను.

ఐదో తారీకు నీకోసం దీపం పెడతాననను, నాకు అలవాటు లేదు. అమ్మ పెడుతుంది.

నేత్ర


సీతయ్య క్యాంపు.
నవంబరు 11

నేత్రా,

ముందు చెడు కబురు. వారానికి ఒక రోజు నీళ్ళు వెనక్కి ఇచ్చేశాం. మా చివరి ఎకరంలో సగం గింజ పట్టదు, ఇప్పుడే తెలిసిపోతోంది. మావయ్య గారు ఆరు రోజులు నాతో మాట్లాడలేదు.

మీటింగులో లేచి మొదటి కాగితం చింపాను. అరవై ఒకటి కాదు, రెండు వందల ఐదు అన్నాను. తెలిసి ఇరవై ఆరు రోజులు దాచానని కూడా అన్నాను. అది చెప్పకుండా కూర్చోవచ్చు, ఎవరూ అడగలేదు. కానీ చెప్పాను. మా వాళ్ళలో ఒకాయన "ఇంటి దొంగ" అన్నాడు. మావయ్య గారు లేచి, "కోడలు కార్యదర్శి అయితే కాలవ ఇంటికొస్తుందనుకున్నాను. వచ్చింది కూడా పోగొట్టింది" అని గుమ్మం దాకా వెళ్ళిపోయారు.

అప్పుడు నీ చిన్న ముక్క తీశాను. "ఇంకో లెక్క ఉంది. ఇది నీళ్ళది కాదు, రాత్రులది" అన్నాను. రాత్రి వంతులు: ఎగువ సున్నా, దిగువ పద్దెనిమిది.

మూల కూర్చున్న గాదిలింగప్ప "ముప్పై ఏండ్ల నుంచి రాస్తాండా నేను ఆ పుస్తకం. ఇప్పటిదాకా ఒకడూ అడగలే" అన్నాడు. ఉచ్చెంగెప్ప గారు గడ్డం గోక్కుని, "మన తాతలు పెట్టినారప్పా, పగలు మనకు, వచ్చినోళ్ళకు రాత్రి అని. అదే నడుస్తా ఉండాది" అన్నారు. నేను, "అయితే ఇక నుంచి రాత్రులు కూడా సగం సగం చేద్దాం, మీరు చేసే రాత్రులకు బదులు అన్ని గంటలు పగలు మాకు" అన్నాను.

హులిగేశ్ గాభరాగా లేచాడు. "అదెట్లయితాదమ్మా? రాత్రి పూట కాలవ గట్టు మీదికి యాడ పోతామప్పా మేము? పాములుంటాయి, నిద్ర పాడయితాది, మా ఇంట్లో చిన్న పిల్లలుండారు" అన్నాడు.

అన్నాక మా వాళ్ళ వంక చూశాడు. ఒక్కొక్కరినీ చూశాడు. నాగార్జున వంక చూసినప్పుడు తల వంచుకున్నాడు. తర్వాత తనే మెల్లగా, "సరి, రాసుకోమ్మా. మొదటి రాత్రి నాదే" అన్నాడు. ఉచ్చెంగెప్ప గారు సంతకం పెట్టారు. నీళ్ళ గంటలు పెరగలేదు నేత్రా, ఒక్క గంట కూడా పెరగలేదు. రాత్రులు మాత్రం సగమయ్యాయి.

ఈ రోజు హులిగేశ్ మొదటి రాత్రి. సాయంత్రం నేను వంటింట్లో ఉంటే మావయ్య గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆరు రోజుల తర్వాత మొదటి మాట. చేతిలో ఆయన పాత టార్చి, కొత్త సెల్లులు వేసి ఉంది.

"ఇది ఆ హులిగేశ్‌కి పంపించు. రెండో తూము దాటాక గట్టు ఒకచోట కోసేసి ఉంటుంది. పగలు కనబడదు, చీకట్లో కాలు జారుతుంది. ఎడం పక్కన నడవమని చెప్పు. వాడి తూమేలే, కానీ రాత్రి పూట ఆ గట్టు వాడికేం తెలుసు? ముప్పై ఏళ్ళు తిరిగినవాణ్ణి నేను" అన్నారు.

నాగార్జునకిచ్చి పంపాను. తను తిరిగొచ్చేసరికి మావయ్య గారు ఇంకా వీధి అరుగు మీదే కూర్చుని ఉన్నారు. "ఎడం పక్కన అని చెప్పావా?" అని రెండుసార్లు అడిగారు.

నీ బిందు